పట్టాభి: ఒక పేరు పుట్టుపూర్వోత్తరములు

మదనపల్లె నుండి పీలేరునకు పోవు దారిలో వాల్మీకిపురమను ఊరు కలదు. పాకాల నుండి ధర్మవరమునకు పోవు రైలు మార్గము కూడ ఈ ఊరి మీదుగనే పోవును. పెద్దవారిలో చాలమంది నేటికిని దీనిని వాయల్పాడనియే పిలుతురు. ఈ ఊరిలో వెలసిన దేవుడు పట్టాభిరామస్వామి. ఒకప్పుడు ఈ సీమలో ఏ సంతలోనైనను నిలిచి "పట్టాభీ!" అని పిలిచినచో ఇద్దరు ముగ్గురు తిరిగి చూచెడివారు. నేడు అట్లు పిలిచిన తిరిగి చూచువారు నెరసిన తలలవారే గాని పసివారు కారు. ఏ బారసాలలోను ఈ పేరు బియ్యములో వ్రాయగా మేము చూచి చాల కాలమైనది. అరుదగుచున్న ఈ పేరు ఎట్లు పుట్టినది? ఎట్లు వ్యాపించినది? దీనిని ధరించిన ప్రసిద్ధులెవరు? ఈ విషయములను కొంత విచారించుట మా ఉద్దేశము.

మొదట మాట సంగతి చూతము. పట్టమనగా పట్టీ. పూర్వకాలమున రాజ్యాధికారమునకు గుర్తుగా నుదుట కట్టెడి బంగారు రేకునకు ఆ పేరు. మనము నేడు కిరీటమనగానే తలపై నిలుచు గోపురము వంటి ఆభరణమును తలంతుము. కాని తెలుగున "పట్టము పెట్టుట" అని గాక "పట్టము కట్టుట" అనియే వాడుక. ఆ క్రియలోనే అసలు సంగతి దాగియున్నది. పట్టము కట్టునది గాని పెట్టునది కాదు. క్రీస్తు శకము 6వ శతాబ్దివాడైన వరాహమిహిరుడు తన బృహత్సంహితలో ఈ పట్టముల లక్షణమును ప్రత్యేకముగ చెప్పెను. రాజునకు కట్టు పట్టము నడిమి వెడల్పు 8 అంగుళములు, రాణికి 7, యువరాజునకు 6, సేనాపతికి 4 అంగుళములు ఉండవలెను. రాజు పట్టమునకు 5 శిఖలు, రాణి, యువరాజుల పట్టములకు 3, సేనాపతి పట్టమునకు ఒకటి. రాజు ప్రసన్నుడై ఇతరులకు అనుగ్రహించు ప్రసాదపట్టము 2 అంగుళముల వెడల్పు గలది, దానికి శిఖ లేదు. అన్నియు మేలిమి బంగారముతో చేయవలెను. నుదుట మెరయు రేకును చూడగనే ఎవరు ఏ పదవియందున్నవారో తెలియునన్నమాట.

ఈ పట్ట శబ్దము తెలుగు జీవితమున ఎంత దూరము పోయినదో చూచిన ఆశ్చర్యము కలుగును. పట్టమహిషి, పట్టపుటేనుగు అను మాటలు కథలలో వినినవే. విశ్వవిద్యాలయమున ఉత్తీర్ణుడైనవానిని పట్టభద్రుడందుము. రైతు తన భూమిపై హక్కును తెలుపు పత్రమును పట్టా అనును, ఆ భూమి గలవాడు పట్టాదారు. చక్రవర్తి నుదుటి రేకు మొదలుకొని మెట్టరైతు పెట్టెలోని కాగితము వరకు ఒకే మాట నడచివచ్చినది. రెంటను ఉన్న భావమొక్కటియే: ఇది నీది, నీకిది చెందినది అని పదుగురెదుట స్థిరపరచుట.

ఇక అభిషేకమనగా పుణ్యజలములతో తడుపుట. పట్టము, అభిషేకము అను రెండు మాటలు కలిసి పట్టాభిషేకమైనది. పట్టాభిరాముడను పేరునకు రెండు విధముల అర్థము చెప్పవచ్చును. పట్టాభిషిక్తుడైన రాముడనునది మొదటిది. ఇందు నడిమి మాట లోపించినదని వ్యాకరణవేత్తలు సమర్థింతురు. పట్టముచే అభిరాముడు, అనగా నుదుటి పట్టముతో మనోహరుడైనవాడనునది రెండవది. ఏది చెప్పినను శ్రీరాముని చరిత్రలో ఒకే ఘట్టము కనులకు కట్టును.

రామునకు మన దేశమున పేర్లు పెక్కులు. అందు కొన్నింటికి ఒక్కొక్క ఘట్టము ఆధారము. కల్యాణరాముడనగా మిథిలలోని పెండ్లికుమారుడు. కోదండరాముడనగా విల్లుపట్టి అడవులలో తిరిగిన వీరుడు. పట్టాభిరాముడు అన్నిటికిని తుదివాడు. అయోధ్యాకాండలో దశరథుడు పట్టాభిషేకమునకు ముహూర్తము పెట్టించెను, ఊరెల్ల తోరణములు కట్టిరి. తెల్లవారుసరికి పట్టము పోయి నారచీరలు వచ్చెను. నాడు నిలిచిపోయిన ఉత్సవము 14 ఏండ్లు గడచి, రావణవధ జరిగిన పిమ్మట యుద్ధకాండ చివర నెరవేరినది. పట్టాభిరాముడను పేరులో కేవలము రాజ్యవైభవమే కాదు, చేతికందినది జారిపోయి చాల ఆలస్యముగ తిరిగి వచ్చిన న్యాయము కూడ కలదు. కష్టపడిన కుటుంబములు తమ బిడ్డలకు ఈ పేరు పెట్టుకొనుటలో ఈ భావము లేకపోలేదని మా నమ్మకము. ఇంటింట రామాయణ పారాయణము పట్టాభిషేక సర్గతో ముగించుట మన ఆచారము. ఆనాడు పానకము, వడపప్పు పంచిపెట్టుదురు. కథ ఎన్ని దుఃఖములలో నడచినను విన్నవారు శుభముతో ఇండ్లకు పోవలెనని పెద్దల తలంపు.

ఇప్పుడు వాల్మీకిపురమునకు వత్తము. ఇచ్చట వాల్మీకి తపమాచరించెననియు, ఇచ్చటి రాముని జాంబవంతుడు ప్రతిష్ఠించెననియు స్థలపురాణము. వల్మీకమనగా పుట్ట, పుట్టనుండి వెలువడినందుననే ఆ ఋషికి ఆ పేరు వచ్చినదని అందరెరిగినదే. స్థలపురాణములను చరిత్రగ గ్రహింపనక్కరలేదు. అయినను ఇందొక అందమైన పొందిక కలదు. రామాయణమున పట్టాభిషేకమునకు బంగారు కలశములతో సముద్రజలములు తెచ్చిన వానరవీరులలో జాంబవంతుని పేరు ముందు వచ్చును. పట్టాభిషేకమునకు నీరు మోసినవానినే పట్టాభిరాముని ప్రతిష్ఠించినవానిగ చెప్పుకొన్న ఈ ఊరివారు రామాయణమును శ్రద్ధగ విన్నవారే అనవలెను.

ఊరి పేరు మాత్రము స్థిరముగ నిలువలేదు. తాళ్లపాక అన్నమాచార్యులు 1408 నుండి 1503 వరకు జీవించిన మహానుభావుడు. ఆయన ఈ రాముని కీర్తించిన సంకీర్తనములలో ఈ ఊరు వావిలిపాడుగ వినవచ్చును. వావిలి మన ప్రాంతములందు తెలియని చెట్టు కాదు. బాలింతల స్నానమునకు కాచు నీళ్లలో దాని ఆకు వేయుట పల్లెలలో వాడుక. వావిలిపాడు నోటిలో నలిగి వాయల్పాడైనదని ఊహించుట కష్టము కాదు. ఆంగ్లేయుల కాలమున ఇది తాలూకా కేంద్రము. మొదట కడప జిల్లాలో నుండి, 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినపుడు అందు చేరినది. రైలు స్టేషను పలకపైనను, 2004 ఎన్నికల వరకు శాసనసభా నియోజకవర్గమునకును వాయల్పాడను పేరే ఉండెను. ఊరు వాల్మీకిపురముగ ప్రసిద్ధమైనది. 2022లో అన్నమయ్య జిల్లా ఏర్పడగా ఈ మండలము అందు చేర్పబడినది. తన ఊరిని పాడిన కవి పేరుగల జిల్లాలోనికి పట్టాభిరాముడు వచ్చుట ఒక విశేషము. ఊరికి పేర్లు మూడైనవి, జిల్లాలు మారినవి, కాని దేవుని పేరు పట్టాభిరాముడే. తిరుమల తిరుపతి దేవస్థానముల నిర్వహణలో ఉన్న ఈ ఆలయమున శ్రీరామనవమి దినములలో బ్రహ్మోత్సవములు జరుగును.

అట్లని పట్టాభిరాముడు ఈ ఒక్క ఊరికే పరిమితుడని తలపరాదు. విజయనగర రాజుల కాలమున రామభక్తి రాజాదరము పొందినది. హంపీ శిథిలములలో కమలాపురము చెంత పట్టాభిరామాలయము కలదు. అచ్యుతదేవరాయల కాలమున, అనగా 16వ శతాబ్ది పూర్వార్ధమున, ఆయన దేవేరి వరదాంబిక పేర వెలసిన పేటలో అది నిర్మితమైనది. నేడు అందు పూజలు లేవు, మండపములు మాత్రము నిలిచియున్నవి. 17వ శతాబ్దిలో తంజావూరు నేలిన రఘునాథ నాయకుడు కుంభకోణమున రామస్వామి ఆలయము కట్టించెను. అందు సీతారాములు ఒకే పీఠమున ఆసీనులై యుందురు, తమ్ములు చుట్టును నిలిచియుందురు, హనుమంతుడు వీణ ధరించి యుండును. ఇది పట్టాభిషేక ఘట్టమే. ఈ రఘునాథుడు తెలుగున రామాయణము రచించిన కవి. తాను పట్టము కట్టుకొన్న రాజు రాముని పట్టాభిషేకము తలంచుట సహజమే గదా! రాజులు కోరి నిలిపిన ఈ మూర్తి క్రమముగ కంచి, మైసూరు, తంజావూరు సీమలయందంతటను ఇంటి పూజాగృహములలోని పటమైనది. పటము నుండి పేరు ఇంటిలోని బిడ్డకు వచ్చినది. చెన్నపట్టణము పడమట ఆవడి చెంత పట్టాభిరాము అను పేరుగల ఒక శివారు, రైలు స్టేషను కూడ కలవు.

దేవుని పేరు మనుష్యుని పేరగుటకు మన ఇండ్లలో రెండు దారులు. మొదటిది మొక్కుబడి. బిడ్డ కలిగిన నీ పేరు పెట్టుకొందుమని దంపతులు మ్రొక్కి, పుట్టువెంట్రుకలు ఆ గుడి చెంతనే తీయింతురు. రెండవది తాతగారి పేరు మనుమనికి పెట్టుట. ఈ రెండవ దారి ఎట్టిదో తెలుపు ఉదాహరణము ఒకటి చెప్పుదుము. తిరువాన్కూరు దివానుగ పేరొందిన సర్ సి. పి. రామస్వామి అయ్యరు పేరులోని 'పి' ఆయన తండ్రి పట్టాభిరామయ్యరుకు గుర్తు. రామస్వామి అయ్యరు కుమారుడు, 1906లో జన్మించిన సి. ఆర్. పట్టాభిరామన్, తాత పేరు ధరించి న్యాయవాదియై, కేంద్రమున మంత్రియైనవాడు. ఆయన 1957లోను 1962లోను లోకసభకు ఎన్నికైనది కుంభకోణము నుండియే. పట్టాభిరామన్ అను పేరుగలవాడు పట్టాభిషేకమూర్తి వెలసిన ఊరికి ప్రతినిధియగుట చిత్రమైన కలయిక.

తాత పేరు పెట్టుటలో మన ఇండ్లలో ఒక చిక్కు కూడ కలదు. పూర్వపు కోడండ్రు మామగారి పేరు నోట పలికెడివారు కారు. అదే పేరు కొడుకునకు పెట్టిన తరువాత ఆ తల్లి బిడ్డను ఏమని పిలువవలెను? "అబ్బీ" అనియో, "నాయనా" అనియో, "తాతా" అనియో పిలిచి సరిపుచ్చుకొనెడిది. పట్టాభిరామయ్యను తరిగి పట్టాభి అనుట కూడ ఇట్టి సర్దుబాట్లలో ఒకటియై యుండవచ్చును. నిండు పేరు మామగారిది, సగము పేరు బిడ్డది. మర్యాదయు నిలిచినది, ముద్దును తీరినది.

ఈ సగము పేరు సంస్కృత వ్యాకరణము దృష్టిలో చాల విచిత్రమైనది. 'అభి' అనునది ఉపసర్గ. అది అభిషేకము, అభిరామము వంటి మాటల ముందు నిలుచునదే గాని తనంతట నిలుచునది కాదు. పట్టాభి అన్నపుడు పట్టము మిగిలినది, అభిషేకపు నీరు పోయినది, రాముడును పోయినాడు, చివర ఉపసర్గ గాలిలో వ్రేలాడుచున్నది. పండితుడు దీనికి విగ్రహవాక్యము చెప్పలేడు. కాని తల్లి నోట పుట్టిన పేరునకు విగ్రహవాక్యముతో పనియేమి? అర్థము పోయినను పిలుపు నిలిచినది, ఆ పిలుపే దేశమంత వ్యాపించినది.

ఈ పేరును దేశమంతట వినిపించినవాడు డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్య. ఆయన 1880 నవంబరు 24న పశ్చిమ గోదావరి ప్రాంతపు గుండుగొలనులో జన్మించెను. మచిలీపట్టణమున వైద్యుడుగ నుండి, వైద్యము విడిచి స్వాతంత్ర్యోద్యమమున దిగెను. 1923లో ఆంధ్రా బ్యాంకును స్థాపించెను. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమగు వరకు ఆయన స్మృతిచిహ్నముగ నడచినది. 1935లో కాంగ్రెసు చరిత్రను ఆంగ్లమున ప్రకటించెను. 1939 జనవరిలో కాంగ్రెసు అధ్యక్షపదవికి సుభాష్ చంద్రబోసుతో పోటీచేసి 1377 ఓట్లు పొందెను. బోసునకు 1580 వచ్చెను. పట్టాభి ఓటమి తన ఓటమియేయని గాంధీజీ ప్రకటించుటతో ఈ తెలుగు పేరు దేశమున ప్రతి పత్రికలోను మారుమ్రోగినది. 14 ఏండ్లు కాకున్నను దాదాపు 10 ఏండ్లు నిరీక్షించి, 1948లో జైపూరు కాంగ్రెసునకు ఆయన అధ్యక్షుడయ్యెను. ముందు చేజారిన పట్టము పిమ్మట దక్కుట ఈ పేరునకు అలవాటేమో!

ఆయన పేరు కూర్పు కూడ గమనింపదగినది. పట్టాభి, సీతారామయ్య అను రెండు పేర్లు అందు ప్రక్కప్రక్కన నిలిచినవి. సీతారామయ్యలు తెలుగుదేశమున వేలకొలది. అందుచే లోకము ఆయనను పట్టాభియని పిలిచినది. ఆ సగము పేరులోని ఒక్క అక్షరము ఆంధ్రుల చరిత్రలో శాశ్వతముగ నిలిచినది. భాషారాష్ట్రముల విషయమును పరిశీలించుటకు 1948లో కాంగ్రెసు నియమించిన సంఘమున జవహర్లాల్, వల్లభాయి, పట్టాభి సభ్యులు. మువ్వురి పేర్ల మొదటి అక్షరములతో దానిని జె. వి. పి. సంఘమనిరి. అందు చివరి 'పి' మన పట్టాభియే. మదరాసు నగరముపై హక్కును వదలుకొన్నచో ఆంధ్రరాష్ట్ర విషయము ఆలోచింపవచ్చునని 1949లో ఆ సంఘము నివేదించినది. అది చాలమంది ఆంధ్రులకు రుచింపలేదు. కాని 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము మదరాసు నగరము లేకయే ఏర్పడినది. తరువాత మధ్యప్రదేశ్ గవర్నరుగ పనిచేసిన సీతారామయ్య 1959 డిసెంబరు 17న కీర్తిశేషుడయ్యెను.

ఇంకొక పట్టాభి నెల్లూరివాడు. తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి 1919లో జన్మించి, 20 ఏండ్ల ప్రాయమున, అనగా 1939లో, 'ఫిడేలు రాగాల డజన్' అను వచనకవితల సంపుటి ప్రకటించి సంప్రదాయవాదులను కలవరపెట్టెను. చూడుడు, 1939లోనే ఒక పట్టాభి రాజకీయములలో ఓడగా, మరియొక పట్టాభి ఛందస్సుపై తిరుగుబాటు చేసెను! ఈ కవికి లోకమున పట్టాభియనియే ప్రసిద్ధి. తరువాత చలనచిత్ర రంగమున ప్రవేశించి కన్నడమున 'సంస్కార' అను చిత్రమునకు దర్శకుడయ్యెను. 1970 నాటి ఆ చిత్రము ఉత్తమ చిత్రముగ జాతీయ పురస్కారము పొందినది. ఆయన భార్య స్నేహలతారెడ్డి అత్యవసర పరిస్థితిలో చెరసాలపాలై, విడుదలైన కొలది దినములకే 1977 జనవరిలో మరణించెను. పట్టాభి 2006లో బెంగుళూరున కన్నుమూసెను. అభిషేకపు పేరు ధరించినవాని జీవితమునను అరణ్యకాండ తప్పలేదు.

మూడవవాడు తెలుగువాడు కాడు. 1915లో కర్ణాటకమున హాసన్ చెంత కౌశికమను పల్లెలో జన్మించిన కె. పట్టాభి జోయిస్ మైసూరున యోగము నేర్పెను. 1975లో ఆయన మొదటిసారి అమెరికా పోయి వచ్చిన తరువాత ఆయన శిష్యపరంపర దేశదేశములందు పెరిగినది. నేడు రాముడెవరో ఎరుగని విదేశీయులు సైతము యోగాభ్యాసము మూలమున పట్టాభి అను పేరు పలుకగలరు. ఆయన 2009లో మరణించెను. ఇంద్రజాలమునను వ్యక్తిత్వ వికాస రచనలందును తెలుగువారికి సుపరిచితుడైన బి. వి. పట్టాభిరామ్ 2025లో హైదరాబాదున మరణించుటతో ఈ పేరుగల ప్రసిద్ధులలో మరియొకరు తగ్గిరి.

నేడు ఈ పేరు ఏల తగ్గినది? కారణములు ఊహింపరానివి కావు. మొక్కుబడి పేర్లకంటె వినుటకు ఇంపైన పేర్లను వెదకుట పెరిగినది. తాత పేరు పెట్టవలెనను కట్టుబాటు సడలినది. పిల్లవాని పేరు రెండుమూడు అక్షరములకు మించరాదను కోరిక ప్రబలినది. పరదేశములలో పలుకుటకు సులభముగ నుండవలెనను తలంపు కూడ వచ్చినది. పట్టాభిరాముడు ఈ పరీక్షలలో నిలుచుట కష్టమే.

కాని పేరు పూర్తిగ పోయినదనరాదు. నేటి బాలురలో అభిరామ్, అభిషేక్ అను పేర్లు తఱచు వినవచ్చుచున్నవి. ఇంటిలో వారిని "అభీ" అని పిలుతురు. మన తాతలు పట్టాభియని ఉపసర్గను చివర వ్రేలాడదీసిరి, మనుమలు ఆ ఉపసర్గనొక్కదానిని పట్టుకొని పిలుచుచున్నారు. పట్టము జారినది, అభి మిగిలినది. తాతకును మనుమనికిని నడుమ ఆ రెండక్షరముల వంతెన ఇంకను నిలిచియే యున్నది, అది వంతెనయని ఉభయులును ఎరుగకపోవచ్చును.

ఒక పేరు వాడుక నుండి తప్పుటలో తప్పులేదు. పూర్వము ఎన్నియో పేర్లు పోయినవి, క్రొత్తవి వచ్చినవి. కాని పేరుకంటె ముందుగ దాని వెనుక కథ పోవుట శోచనీయము. ఏ కరవు సంవత్సరమున ఏ మొక్కు మ్రొక్కిరో, ఏ గుడి చెంత పుట్టువెంట్రుకలు తీయించిరో, ఎవరి పేరు ఎవరికి వచ్చినదో, ఇవి ఏ దస్తావేజులోను ఉండవు. అవి ఇంటిలోని ముదుసలుల నోట మాత్రమే ఉండును. వాల్మీకిపురపు స్వామి పేరు అన్నమయ్య నాటినుండి నిలిచినది, ఆయనకు గుడియు, ఉత్సవమును, పాటయు కలవు. మన ఇంటి పట్టాభికి అవి లేవు. కావున ఈ పేరుగల పెద్దవారు మీ ఇంట ఎవరైన నున్నచో, ఈ సాయంకాలమే వారి చెంత కూర్చుండి, "తాతా, నీకీ పేరు ఎట్లు వచ్చినది?" అని అడుగుడు. వారు చెప్పినది ఒక పుస్తకమున వ్రాసి ఉంచుడు.